గ్వాంగ్‌జౌ నాన్‌యువే రాజు మ్యూజియం: వెనక నుంచి మొదలుపెట్టి చూడాల్సిన చోటు

షీఆన్ మట్టి సైన్యాన్ని చూసిన కళ్లతో ఇక్కడికి వస్తే నిరాశ తప్పదు. గ్వాంగ్‌జౌ నగరం మధ్యలో, జియేఫాంగ్ ఉత్తర రోడ్డు పక్కన ఉన్న ఈ సమాధి మొత్తం కలిపి 100 చదరపు మీటర్ల చిల్లర. గదులు ఏడు. మనసు పెట్టకుండా నడిస్తే ఐదు నిమిషాల్లో బయటపడతాం, చాలామంది చేసేదీ అదే. కానీ లోపల దొరికిన వెయ్యికి పైగా వస్తువులను ఏది ఏ గదిలో ఉందో తెలుసుకుని చూస్తే, క్రీ.పూ. 137 నుంచి సుమారు 122 వరకు ఏలిన ఒక రాజు పాలన కళ్ల ముందుకొస్తుంది. దొంగలు పడని సమాధి కావడంతో పెట్టినవి పెట్టిన చోటే దొరికాయి. మ్యూజియం బలం అదే. ఆ బలాన్ని మ్యూజియమే పూర్తిగా వాడుకోకపోవడం దాని బలహీనత.

ముందు రాజు సంగతి. పేరు జావ్ మో. తాత జావ్ తువో ఉత్తరాది మనిషి, చిన్ సామ్రాజ్యం తరఫున దక్షిణానికి వచ్చిన అధికారి. చిన్ కూలిపోయాక ఇక్కడే నాన్‌యువే రాజ్యాన్ని స్థాపించాడు. చిన్ తర్వాత చైనాను ఏలిన హాన్ వంశపు రాణి ల్యూ హయాంలో దక్షిణానికి ఇనుప సామాన్లు అమ్మకుండా ఆంక్షలు పెట్టేసరికి, కోపంతో తనను తాను చక్రవర్తిగా ప్రకటించుకున్నాడు. క్రీ.పూ. 179లో హాన్ దూత లూ జియా వచ్చి నచ్చజెప్పాక ఆ బిరుదు వదిలేస్తున్నట్టు రాసిచ్చాడు. హాన్ దర్బారుకు రాసే ఉత్తరాల్లో సామంత రాజు, సొంత రాజ్యంలో మాత్రం చక్రవర్తే. మనవడికి సింహాసనంతోపాటు ఈ రెండు నాలుకల ఏర్పాటు కూడా వారసత్వంగా వచ్చింది.

గద్దెనెక్కిన రెండేళ్లకే, క్రీ.పూ. 135లో, పక్కనున్న మిన్‌యువే రాజు దండెత్తాడు. జావ్ మో తన సైన్యాన్ని కదపలేదు. సామంతులు ఒకరి మీద ఒకరు యుద్ధానికి దిగకూడదు కదా, మీరే చూడండి అని హాన్ చక్రవర్తి వూకు ఉత్తరం రాశాడు. హాన్ సేనలు బయల్దేరాయి. అవి వచ్చి చేరకముందే మిన్‌యువే రాజును సొంత తమ్ముడే చంపేశాడు, ముప్పు తొలగింది. అసలు చిక్కు ఆ తర్వాత మొదలైంది. సాయం చేశాం, ఇక దర్బారుకు వచ్చి దర్శనం చేసుకో అని కబురు. జావ్ మో కొడుకు యింగ్‌చీని హాన్ రాజధాని చాంగ్‌ఆన్‌కు పంపి, వెనకే తానూ వస్తానన్నాడు. వెళ్తే తిరిగి రానివ్వరని మంత్రులు హెచ్చరించడంతో ఒంట్లో బాగాలేదని కబురు పెట్టి కాలం గడిపాడు. పదేళ్లకు పైగా అదే సాకు, చివరికి నిజంగానే మంచం పట్టి పోయాడు. ఇదంతా చరిత్రకారుడు సిమా చియెన్ రాసిపెట్టిందే. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అన్న మాట ఈ రాజుకు అతికినట్టు సరిపోతుంది. ఈ కథ తెలియకుండా లోపలికి వెళ్తే కనిపించేది బంగారం, జేడ్ రాయి మాత్రమే.

సమాధి బయటపడింది 1983 జూన్‌లో. శ్యాంగ్‌గాంగ్ గుట్ట మీద ప్రభుత్వ ఉద్యోగుల ఇళ్ల కోసం చదును చేస్తూ, గుట్ట తలను దాదాపు 17 మీటర్లు చెక్కేశాక రాతిపలకలు తగిలాయి. అసలు గుట్ట ఉన్నప్పుడు సమాధి శిఖరానికి సుమారు 20 మీటర్ల లోతున ఉండేది. దొంగలు చేరుకోలేకపోవడానికి కారణం ఆ లోతే. పైన మట్టిదిబ్బ లాంటి గుర్తేదీ లేదు, గుట్టే దిబ్బ. 1988లో మ్యూజియం తెరిచారు. భవనం ముందువైపు కట్టిన ఎర్ర ఇసుకరాయి అలంకారం కోసం పెట్టింది కాదు, సమాధిని కట్టిన 750కి పైగా పలకలు కూడా ఎర్ర ఇసుకరాయే.

ఇక చూసే వరస. ప్రవేశ భవనం రోడ్డు వైపు ఉంది. అక్కడి నుంచి మెట్లెక్కితే గుట్ట మీద సమాధి, దాని వెనక వస్తువులున్న ప్రధాన ప్రదర్శన భవనం. దారి సహజంగా ముందు సమాధికే తీసుకెళ్తుంది. అప్పటికి ఏ గదిలో ఏముండేదో తెలియదు కాబట్టి ఖాళీ రాతిగోడలే కనిపిస్తాయి. మా సలహా ఇది: మొదటిసారి సమాధిని పక్కనుంచి దాటి నేరుగా వెనక భవనానికి వెళ్లండి. అక్కడ గంటన్నర గడిపి, గదుల పటం బుర్రకెక్కాక తిరిగొచ్చి సమాధిలోకి దిగండి.

ఎందుకింత పట్టుదల అంటే, ప్రదర్శనను విషయాల వారీగా సర్దారు. జేడ్ ఒకచోట, ఆయుధాలు ఒకచోట, సంగీతం ఒకచోట, వంటసామాను ఇంకోచోట. అందంగానే ఉంటుంది. కాకపోతే సమాధిలో పక్కపక్కన ఉన్నవి ఇక్కడ వేర్వేరు హాళ్లకు చెదిరిపోయాయి. అందుకే గదుల లెక్క ముందే తెలిసుండాలి. ముందు గది గోడల మీద, కప్పు మీద ఎరుపు, నలుపు రంగుల్లో మేఘాల చిత్రాలు. దానికి రెండు పక్కలా చెవుల్లా ఉన్న చిన్న గదుల్లో తూర్పు చెవి గది విందు, వినోదాలకు. పడమటి చెవి గది ఖజానా. మధ్యలో రాజు శవపేటిక గది. దానికి తూర్పున రాణులు, పడమట సేవకులు. చిట్టచివర వంటసామాను కొట్టు.

ఒక్క వస్తువుకే టైముంటే బంగారు ముద్ర దగ్గర ఆగండి. చూస్తే చిన్నది: 3.1 సెంటీమీటర్ల చదరం, 148.5 గ్రాములు, పైన పిడిగా మెలిక తిరిగిన డ్రాగన్. దాని మీదున్న నాలుగు అక్షరాలకు అర్థం 'వెన్ చక్రవర్తి రాజముద్ర'. హాన్ చక్రవర్తుల ముద్రలు తెల్ల జేడ్‌తో చేసేవారు. ఇది బంగారం, పిడి డ్రాగన్. హాన్ పద్ధతిని అనుకరిస్తూనే దాటేసిన పని ఇది. చాలామంది డ్రాగన్‌ను ఫొటో తీసుకుని కదిలిపోతారు. అసలు సంగతి అడుగున ఉంది: అక్షరాల గాడుల్లో గీతలు, తగిలిన గుర్తులు, ఎర్రటి ముద్రమట్టి మరకలు దొరికాయి. అంటే ఇది శవంతో పెట్టడానికి చేయించిన బొమ్మ ముద్ర కాదు, రోజూ కాగితాల స్థానంలో ఉన్న కొయ్యపలకల కట్టల మీద మట్టిముద్రలు వేయడానికి వాడింది. 'వెన్ చక్రవర్తి' అనేది చనిపోయాక పెట్టిన గౌరవనామం కాదు, బతికుండగానే పెట్టుకున్న బిరుదు. చాంగ్‌ఆన్‌కు ఒంట్లో బాగాలేదని కబురు పంపిన చేయే ఈ ముద్రా వేసింది.

దీనికి రెండో సాక్ష్యం సంగీతం హాల్లో ఉంది, అక్కడికి వెళ్లేసరికి ముద్ర సంగతి మర్చిపోతారు గనక ఇక్కడే చెబుతున్నాం. పిడిని కింద పట్టుకుని, నోరు పైకి పెట్టి కొట్టే గౌదియావ్ గంటలు ఎనిమిది. పెద్దది 64 సెంటీమీటర్ల ఎత్తు, ఎనిమిదీ కలిపి 191 కిలోలు. వాటి మీద 'వెన్ చక్రవర్తి తొమ్మిదో ఏట సంగీత శాఖ పనివాళ్లు చేసినది' అని చెక్కి, ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు వేశారు. క్రీ.పూ. 129 అన్నమాట. చక్రవర్తి పేరిట సంవత్సరాలు లెక్కపెట్టడం, హాన్ దర్బారులో ఉన్నట్టే సంగీతానికి ఒక శాఖ పెట్టడం రెండూ ఆ కంచు మీదే కనిపిస్తాయి. ఈ గౌదియావ్ మాత్రం ఉత్తరాది వాద్యం కాదు, యాంగ్సీ నదికి దక్షిణాన ఉన్న యువే ప్రజలది. సమాధిలో ఇవి దొరికిన తూర్పు చెవి గదిలోనే ఉత్తరాది పద్ధతి గంటలు 19, రాతిపలకల వాద్యాలు రెండు జతలు కూడా దొరికాయి. తర్వాత రాజైన యింగ్‌చీ హాన్‌కు భయపడి పూర్వీకుల చక్రవర్తి ముద్రలను దాచేశాడని చరిత్రలో ఉంది. తండ్రి ముద్ర ఎక్కడికి చేరిందో ఈ సమాధి చెప్పింది.

రాజు శవానికి తొడిగిన జేడ్ తొడుగు చుట్టూ ఎప్పుడూ గుంపే. 2,291 పలకలు, పొడవు 1.73 మీటర్లు. 1968లో మాన్‌చెంగ్‌లో దొరికిన హాన్ వంశపు సామంత రాజు లియూ షెంగ్ తొడుగు బంగారు తీగతో కుట్టింది, ఇది పట్టుదారంతో. ఇప్పటిదాకా దొరికిన పట్టుదారం తొడుగు ఇదొక్కటే. దగ్గరికి వెళ్లి తల, చేతులు, పాదాలను మొండెంతో పోల్చి చూడండి. తల, చేతులు, పాదాల పలకలు నునుపుగా ఉండి, మూలల్లో రంధ్రాలు వేసి లోపలి నుంచి కుట్టారు. మొండెం పలకలకు ఆ శ్రద్ధ లేదు. విరిగిన పాత జేడ్ వస్తువులను, కోతలో మిగిలిన ముక్కలను కూడా వాడి, నారబట్ట మీద అంటించి పైన ఎర్ర పట్టు పట్టీలను అడ్డంగా, ఐమూలగా పరిచారు. రాయి కొరతో, పనికి తొందరో, లేక బట్టల కింద ఎలాగూ కనిపించదనుకున్నారో. పట్టు చివికిపోవడంతో తవ్వేనాటికి పలకలన్నీ నేల మీద చెల్లాచెదురుగా పరుచుకుని ఉన్నాయి. సన్నటి వెదురు పుల్లలను కిందకు దూర్చి, మొత్తాన్ని వరస చెడకుండా ఎత్తారు. ఆ తర్వాత తిరిగి నిలబెట్టడానికి మూడేళ్లు పట్టింది. లోపలి మనిషి ఎముకలు దాదాపు కరిగిపోయాయి. మిగిలిన దంతాలను బట్టి వయసు 35 నుంచి 45 మధ్య అని తేల్చారు.

ఆ వయసు గుర్తు పెట్టుకుని మందుల వస్తువుల దగ్గరికి వెళ్లాలి. పడమటి చెవి గదిలో ఐదు రంగుల ఖనిజాలు పోగులుగా దొరికాయి: ఊదా స్ఫటికం 173.5 గ్రాములు, గంధకం 193.4, మనశ్శిల 1,130, జేగురు రాయి 219.5, ఫిరోజా 287.5. నూరుకోవడానికి రోలు, రోకలి కూడా పక్కనే. ఇవి దీర్ఘాయువు కోసం నూరి తినే మందులు. అన్నిటికన్నా ఎక్కువున్న మనశ్శిల ఆర్సెనిక్ ఖనిజం. ఆకాశపు మంచు పట్టి తాగడానికని చెప్పే పాత్ర ఒకటుంది: కంచు పళ్లెం, మూడు డ్రాగన్ల నోళ్లలో వేలాడే జేడ్ వలయం, మధ్యలో జేడ్ గిన్నె. బంగారం, వెండి, జేడ్, కంచు, కొయ్య అన్నీ కలిపిన పని, ఎత్తు 17 సెంటీమీటర్లు. ఇన్ని ఏర్పాట్లున్నా మనిషి నలభై దాటాడో లేదో.

వెండి డబ్బా కూడా మందుల కథలోదే, లోపల మాత్రలు దొరికాయి. ఒంటి మీద వెల్లుల్లి రెబ్బల్లా పొంగిన వరసలు చైనా పనితనం కాదు, పారశీక పద్ధతి. కింద కంచు పీఠం, మూత మీద చిన్న గుబ్బలు ఇక్కడికి వచ్చాక తగిలించారు. ఈ రెండు పనితనాల తేడా కళ్లకు తెలిసిపోతుంది, మూతను కాసేపు చూడండి. ఇదే వరసలో ఆఫ్రికా ఏనుగు దంతాలు ఐదు, కొయ్యపెట్టెలో 26 గ్రాముల ఫ్రాంకిన్‌సెన్స్ ధూపపు జిగురు ఉన్నాయి. హాన్ సేనలు దక్షిణాన్ని కలుపుకోకముందే ఈ రేవుకు దూరదేశాల సరుకు వచ్చేదనడానికి ఇంతకన్నా గట్టి ఆధారం అక్కర్లేదు. సముద్ర వ్యాపారం గురించి మ్యూజియం గర్వంగానే చెబుతుంది, కాస్త ఎక్కువగానే. దంతాలు, వెండి ఎన్ని చేతులు మారి వచ్చాయో వస్తువు చెప్పదు, నేరుగా ఓడలు నడిచాయన్నట్టు గీసిన పటాలను అంతగా నమ్మక్కర్లేదు.

వంటసామాను హాల్ మీద మాకు ప్రత్యేకమైన అభిమానం. చివరి గది చిన్నదే, అయినా వందకు పైగా పాత్రలు ఒకదాని మీద ఒకటి పేర్చి దొరికాయి. సమాధిలోని కంచు మూడుకాళ్ల పాత్రలు 36. వాటి కాళ్లే చూడండి చాలు: బలిసి గిట్టల్లా ఉన్నవి హాన్ పద్ధతి, సన్నగా బయటికి వాలినవి స్థానిక యువే పద్ధతి, చూ రాజ్య పద్ధతివీ ఉన్నాయి. ఒకే వంటింట్లో మూడు సంప్రదాయాలు. కొన్ని పాత్రల మీద 'ఫాన్‌యూ' అని నగరం పాత పేరు చెక్కి ఉంది. మాంసం కాల్చే కంచు కుంపట్లలో ఒకదానికి పక్కల మూతి పైకెత్తిన పందిపిల్లల బొమ్మలు నాలుగు, ఊచలు గుచ్చి పెట్టుకోవడానికి. జాడీల్లో రెండు వందలకు పైగా పిట్టల ఎముకలు, తలా కాళ్లూ తీసేసినవి: వరిపొలాల మీద వాలే పసుపు రొమ్ము పిట్టలు. హాన్ పద్ధతి తొడుగులో పడుకున్న రాజు తినడం మాత్రం పక్కా స్థానికుడిలా తిన్నాడు.

రాజుతోపాటు 15 మందిని చంపి పెట్టారు. రాణుల గదిలో నలుగురు, సేవకుల గదిలో ఏడుగురు, గంటల దగ్గర ఒక వాద్యగాడు, ముందు గదిలో అంతఃపుర వ్యవహారాలు చూసే అధికారి ఒకడు, దారిలో కాపలాదారులు ఇద్దరు. రాణుల్లో 'కుడి రాణి' హోదా ఉన్నామెది బంగారు ముద్ర, తాబేలు పిడి. మిగిలిన ముగ్గురివీ బంగారు పూత పూసిన కంచువి. హోదాలో ఎవరు ముందో ముద్రలే చెబుతున్నాయి. దక్షిణాదిలో ఈ బలి పద్ధతి ఇంకా ఎందుకు మిగిలింది, హాన్ రాజ కుటుంబాల్లో ఎందుకు తగ్గిపోయింది అన్న ప్రశ్న దగ్గర ప్రదర్శన తడబడుతుంది. నగిషీకి ఇచ్చిన చోటులో పదో వంతు ఈ పదిహేను మందికి ఇవ్వలేదు. మా దృష్టిలో మ్యూజియం పెద్ద లోపం ఇదే.

ఆయుధాల దగ్గర ఎక్కువసేపు అక్కర్లేదు. రాజు నడుం పక్కన దొరికిన పది ఇనుప కత్తులు తుప్పు ముద్దలే, వాటికి తగిలించిన జేడ్ ముక్కలను చూసి కదలండి. దాతలిచ్చిన పింగాణీ తలగడల హాల్ బాగుంటుంది కానీ ఈ రాజుతో దానికి సంబంధం లేదు.

ఇక తిరిగి సమాధిలోకి. దారి ఇరుకు, లోపల ఉక్క, వేసవిలో మరీను. ముందు గదిలో నిలబడి పైకి చూడండి, మేఘాల రంగు మిగిలిన చోట్లు పైకప్పు దగ్గరే స్పష్టంగా తెలుస్తాయి. ఆ కప్పు బండల్లో పెద్దది 2.6 టన్నులు. చెవి గదుల్లోకి తొంగిచూసి, గంటలు ఎటు, దంతాలు ఎటు అని లెక్క సరిచూసుకుంటే ఆ ఐదు నిమిషాలు ఇరవై అవుతాయి.

ఇబ్బందులు కొన్ని. ఇంగ్లీషు వివరణలు చైనీస్ వాటికన్నా పొట్టిగా ఉంటాయి, ఫోన్లో అనువాద యాప్ పెట్టుకోండి. ముఖ్యమైన వస్తువులు ఇతర మ్యూజియాలకు వెళ్తుంటాయి, 2012లో కేంబ్రిడ్జ్ ఫిట్జ్‌విలియమ్ మ్యూజియానికి వెళ్లినట్టు. అలాంటప్పుడు ఆ చోట నకలు పెట్టవచ్చు, కాబట్టి పక్కనున్న చీటీ చదవకుండా ఇది అసలుదే అనుకోవద్దు. అద్దాల మీద దీపాల మెరుపు పడి బంగారు ముద్ర అక్షరాలు ఎదురుగా నిలబడితే చదవలేం, కాస్త పక్కకు జరిగి వంగి చూడాలి. మెట్లు ఎక్కువ, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే అడిగి దారి కనుక్కోవడం మంచిది. పాస్‌పోర్ట్ వెంట ఉండాలి. సెలవు దినాలు, టికెట్ బుకింగ్ వెళ్లే వారంలోనే సరిచూసుకోండి.

మెట్రో 2వ లైన్‌లో యువేశ్యో పార్క్ స్టేషన్‌లో దిగి, E ద్వారం నుంచి బయటికొస్తే మ్యూజియం నడిచేంత దగ్గర. అదే లైన్‌లో రెండు స్టేషన్ల అవతల గోంగ్‌యువాన్‌చియెన్ దగ్గర ఇదే మ్యూజియం రెండో భాగం ఉంది: రాజభవనం, తోట పునాదులు. అక్కడ వస్తువుల మెరుపు ఉండదు. వంపులు తిరిగిన రాతి కాలువ, తాబేలు ఎముకలు దొరికిన నెలవంక కొలను, బావిలో దొరికిన వందకు పైగా కొయ్యపలకలు ఉంటాయి. ఒక పలక మీద తోటలో 94వ నంబరు రేగు జాతి చెట్టుకు 986 కాయలు కాశాయని రాసి ఉంది. చెట్టు చెట్టుకూ నంబరు వేసి కాయలు లెక్కించిన ప్రభుత్వ కార్యాలయం అది. సమాధి ఒక్కటే చూసినవాళ్లకు ఈ రాజ్యం విందులూ నగలతోనే నడిచిందన్న అపోహ మిగిలిపోతుంది.

రోజు మొత్తం ఉంటే ఉదయం సమాధి, మధ్యాహ్నం రాజభవనం పెట్టుకోండి. గంట మాత్రమే ఉంటే ముద్ర, గౌదియావ్ గంటలు, మందుల ఖనిజాలు, వంటపాత్రలు, ఆ తర్వాత సమాధి. జేడ్ తొడుగు దగ్గర గుంపు తగ్గేదాకా ఆగకండి, ఆ గంటలో అది తగ్గదు.